నిరూపించాల్సింది ఎవరు?
కట్టుబాటు, చట్టం, రచ్చబండ అంచున నిలబడ్డ మనిషి

ఈమధ్య మన విశ్వవిద్యాలయాల్లో, స్వచ్ఛంద సంస్థల శిక్షణ తరగతుల్లో ఒక మాట బాగా చెలామణీ అవుతోంది. అది న్యాయ బహుళత్వం. ఏ సమాజంలోనూ ఒకే చట్టం ఉండదనీ, రాజ్యం చేసిన చట్టంతోపాటు తెగల కట్టుబాట్లు, కుల పంచాయితీలు, మత ఆచారాలు కూడా న్యాయవ్యవస్థలేననీ దీని సారాంశం. 1986లో జాన్ గ్రిఫిత్స్ అనే పండితుడు రాసిన వ్యాసం తర్వాత ఈ వాదానికి బలం పెరిగింది. చట్టమంటే రాజ్యానిదే అనుకోవడం ఒక భ్రమ అని ఆయన అన్నాడు. సాయుధ ఘర్షణలు నడిచిన ప్రాంతాల గురించి రాసే పరిశోధకులు దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకుపోయారు. పోలీసు ఠాణా భయపెట్టే చోట, కోర్టు వంద కిలోమీటర్ల అవతల ఉన్న చోట, జనానికి అందుబాటులో ఉన్నది వాళ్ళ పెద్దమనుషుల న్యాయమే కాబట్టి దాన్ని గుర్తించాలి, బలపరచాలి అంటున్నారు.

ఈ వాదాన్ని కొట్టిపారెయ్యడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు. ఇందులో నిజముంది. అయితే ఈ వాదం అడగకుండా దాటేస్తున్న ప్రశ్న ఒకటుంది. పంచాయితీలో రుజువు చెయ్యాల్సిన బరువు ఎవరి నెత్తిన పడుతోంది? ఆ బరువు ఎటు ఒరిగిందో చూడకుండా, ఇది మన న్యాయం, అది వలస పాలకుల న్యాయం అని గీత గీసి కూర్చుంటే చివరికి నష్టపోయేది మావోళ్ళే. ఎందుకంటే మావోళ్ళు కట్టుబాటు కింద బతికినోళ్ళు. దాన్ని పుస్తకాల్లో చదువుకున్నోళ్ళు కాదు.

మేము చూసిన మొదటి న్యాయస్థానం మా ఊరి చింతచెట్టు. మేము నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆసామి పొలం కాడ మోటారు తీగ ఎవరో కోసుకుపోయిండ్రు. మా నాయన ఆయన కింద జీతం ఉండేవాడు. పెద్దమనుషులు గద్దె మీద కూచున్నరు. మా నాయన తువ్వాల నడుముకు చుట్టుకుని, చెప్పులు అవతల విడిచి నిలబడ్డడు. ఆయనను అడిగింది ఒకటే మాట: "నువ్వు తియ్యలేదని రుజువు ఏంది?" తీశాడని రుజువు ఏదని ఆసామిని ఎవరూ అడగలేదు. దండుగ కట్టడానికి బర్రెను అమ్మినం. తీగ ఎవరు కోసిండ్రో ఇయ్యాల్టికీ తెల్వదు. ఆ పంచాయితీకి కాగితం లేదు, సంతకం లేదు, పై పంచాయితీ లేదు. పరిశోధకులు మెచ్చుకునే లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. ఖర్చు తక్కువ, ఆలస్యం లేదు, మాతృభాషలో జరిగింది, ఒక్క పూటలో తేలిపోయింది.

ఎవరినడిగి రాసుకున్నారు?

కట్టుబాటు రాతలో లేనిదని అంటారు. కానీ మన చేతికి వచ్చిన కట్టుబాటు అంతా రాతలోనే ఉంది. దాన్ని ఎవరు చెప్తే ఎవరు రాసుకున్నారన్నది చూడాలి. 1940లో కుమ్రం భీం చనిపోయాక, గోండుల పరిస్థితిని అధ్యయనం చెయ్యడానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పెట్టుకుంది. గోండులకు భూమి పట్టాలు దక్కడంలో ఆయన కృషిని ఎవరూ కాదనలేరు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో వచ్చిన ఆయన పుస్తకం ఇవాళ్టికీ ఆధారగ్రంథమే. అయితే ఒక తిరుగుబాటు తర్వాత ఆ జనాన్ని ఎట్లా పాలించాలో తెలుసుకోవడానికి ప్రభుత్వం చేయించిన పని అది అన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. పాలకుడికి మాట్లాడటానికి ఒక పెద్ద కావాలి. అట్లా పెద్ద చెప్పిన మాటే తెగ చెప్పిన మాట అవుతుంది.

మైదానంలోనూ ఇదే వరస. 1948లో ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు దగ్గరి ఒక ఊళ్ళో ఉండి అధ్యయనం చేశారు. ఆ ఊరికి ఆయన పెట్టిన పేరు రాంపుర. ప్రాబల్య కులం అనే భావనను ఆయన వివరించింది ఈ ఊరి అనుభవంతోనే. మిగతా కులాల తగాదాలు తీర్చడం కూడా ఆ కులం పెద్దల పనుల్లో ఒకటని ఆయన రాశారు. తాను ఉన్నది ఊరి పెద్ద ఇచ్చిన వసతిలోనని కూడా 1976లో అచ్చయిన పుస్తకంలో ఆయనే చెప్పుకున్నారు. మేము ఆయన నిజాయితీని శంకించడం లేదు. ఊరి పెద్ద ఇంటి అరుగు మీంచి చూస్తే పంచాయితీ ఒకలా కనపడుతుంది. చెప్పులు విడిచి నిలబడ్డ చోటి నుంచి చూస్తే ఇంకోలా కనపడుతుంది. ఈ రెండో చోటి నుంచి రాసిన పుస్తకాలు మన గ్రంథాలయాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవచ్చు.

చవుదార్ చెరువు చెప్పిన పాఠం

కట్టుబాటు మీద దళితులు నడిపిన గొప్ప వ్యాజ్యం ఒకటుంది. న్యాయ బహుళత్వం గురించి రాసేవాళ్ళు దాన్ని ఎందుకో పట్టించుకోరు. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ నాయకత్వాన అంటరానివాళ్ళు చవుదార్ చెరువు నీళ్ళు తాగారు. సవర్ణులు కోర్టుకు పోయారు. ఆ చెరువు తమదనీ, అంటరానివాళ్ళను రానియ్యకపోవడం అనాదిగా వస్తున్న ఆచారమనీ వాళ్ళ వాదన. అంటే వాళ్ళు పట్టుకుపోయింది మనుస్మృతిని కాదు, కట్టుబాటును. స్థానిక ఆచారాన్ని గౌరవించమని వలస ప్రభుత్వ కోర్టును అడిగారు.

పదేళ్ళు నడిచిన ఆ కేసును 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు తేల్చింది. ఆ ఆచారం అనాదిగా ఉన్నదని సవర్ణులు నిరూపించలేకపోయారు కాబట్టి వాళ్ళ దావా చెల్లదన్నది. ఆ ఆచారం అన్యాయమైనదా కాదా అన్న ప్రశ్నలోకి కోర్టు పోలేదు. అందుకే కొందరు ఈ తీర్పును చిన్నచూపు చూస్తారు. మేము అట్లా అనుకోవడం లేదు. దాని విలువ వేరేచోట ఉంది. మాకు ఈ నీళ్ళ మీద హక్కు ఉందని అంటరానివాళ్ళు నిరూపించాల్సిన పని పడలేదు. రావద్దు అన్నవాడే, వద్దనే హక్కు తనకెక్కణ్ణుంచి వచ్చిందో చూపించాల్సి వచ్చింది. చూపించలేకపోయాడు. మా ఊరి చింతచెట్టు కింద తలకిందులైనది ఈ సూత్రమే.

గోండు ఆడబిడ్డ వాటా

ఇదే ప్రశ్న ఆదివాసీ స్త్రీల దగ్గర ఇంకా పదునుగా కనపడుతుంది. 1956 హిందూ వారసత్వ చట్టం 2(2) సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదు. వాళ్ళకు వాళ్ళ ఆచారమే చట్టం. ఇది ఆదివాసీ అస్తిత్వాన్ని కాపాడే ఏర్పాటు అంటారు. కొంతవరకు నిజమే. కానీ 1996లో ఛోటానాగ్‌పూర్ ఆదివాసీ స్త్రీల భూమి హక్కు కేసులో సుప్రీంకోర్టు ఆచారాన్ని కొట్టెయ్యడానికి వెనకాడింది. భర్త గానీ తండ్రి గానీ పోయాక ఆ భూమి మీద బతుకుతున్న ఆడవాళ్ళను వెళ్ళగొట్టకూడదన్నంతవరకే రక్షణ ఇచ్చింది.

ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు స్త్రీ వారసులు, ఆమె తండ్రి ఆస్తిలో ఆమె వాటా అడిగారు. ఆడబిడ్డకు వాటా ఇచ్చే ఆచారం మీ తెగలో ఉందని మీరే రుజువు చెయ్యండి అని కింది కోర్టులు వాళ్ళను అడిగాయి. రుజువు చెయ్యలేదని ఓడించాయి. 2025 జూలై 17న సుప్రీంకోర్టు ఈ లెక్కను తిరగేసింది. ఆడబిడ్డను తప్పించే ఆచారం ఉందని అవతలివాళ్ళు నిరూపించలేదు కదా, అలాంటప్పుడు ఆమెను తప్పించడం సమానత్వానికి విరుద్ధం అని వాటా ఇచ్చింది.

ఈ తీర్పు గోండుల కట్టుబాటును రద్దు చెయ్యలేదు. బరువును ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చింది, అంతే. అదొక్కటి మారితే ముప్పై ఏళ్ళుగా ఓడుతున్న మనిషి గెలుస్తుంది. కట్టుబాటు ఉండాలా పోవాలా అని సెమినార్లలో కొట్లాడుకునే మనకు ఇది తట్టకపోవడం విచిత్రమే.

ఏజెన్సీలో మనం ఎటువైపు?

ఇక్కడ దళితులుగా మేము మమ్మల్ని కూడా ప్రశ్నించుకోవాలి. ఏజెన్సీలో ఆదివాసీ భూమిని కాపాడుతున్నది 1959 భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ. జనం దాన్ని వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. దాని ప్రాణమంతా ఒక ఊహలో ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గర్నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదంటే రుజువు చెయ్యాల్సింది గిరిజనేతరుడు. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. 1997లో సమత తీర్పు ఇంకా ముందుకుపోయి, అక్కడి ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకియ్యడం కూడా చెల్లదన్నది.

ఏజెన్సీలో తరాలుగా బతుకుతున్న మాల మాదిగలకు దీనివల్ల భూమి పట్టా రాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద అడుగుదామంటే, ఆదివాసీ కానివాడు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే ఉన్నట్టు రుజువులు తేవాలి. బడి మొహం చూడని తాత 75 ఏళ్ళ కిందటి కాగితం ఎక్కడ దాచిపెట్టాడని తేవాలి? ఇది అన్యాయమే. అయితే ఈ బాధను సాకు చేసుకుని వన్ ఆఫ్ సెవెంటీని ఎత్తెయ్యమనే ఊరేగింపుల్లో మావోళ్ళను ముందు నిలబెట్టే షావుకార్లు, భూస్వాములు ఎవరో మనకు తెలుసు. ఆ భూముల్లో మావోళ్ళకు వచ్చేది సెంటు కూడా ఉండదు. మేము అడగాల్సింది ఆదివాసీ నెత్తిన బరువు పెట్టమని కాదు. వంద ఎకరాలు పట్టుకున్న వలస భూస్వామినీ, పాలేరుగా వచ్చి అరెకరంలో గుడిసె వేసుకున్న దళితుణ్ణీ గిరిజనేతరులు అనే ఒకే గాటన కట్టొద్దని అడగాలి.

1996 పెసా చట్టం గ్రామసభకు తన ఆచారాలనూ, తగాదాలు తీర్చుకునే సంప్రదాయ పద్ధతినీ కాపాడుకునే అధికారం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి నియమాలు రావడానికే 2011 దాకా పట్టింది. గనుల కంపెనీ ముందు గ్రామసభ నిలబడ్డప్పుడు మేము గ్రామసభ వైపే. కానీ అదే ఊరు తనలోని బలహీనుణ్ణి బయటికి నెట్టినప్పుడు? ఆ ప్రశ్నకు జవాబు దొరికేది ఘర్షణ నడిచిన ఊళ్ళలోనే.

యుద్ధం నడిచిన ఊళ్ళలో

2005లో దంతెవాడలో సల్వాజుడుం మొదలైంది. అది గోండీ మాట. శుద్ధి వేట అని ఒకరు, శాంతి యాత్ర అని ఇంకొకరు అర్థం చెప్పారు. రాజ్యం తన తుపాకీకి ఆదివాసీ భాషలో పేరు పెట్టుకుని, ఇది జనం తమంతట తాము లేచిన లేపు అని ప్రచారం చేసింది. ఊళ్ళు తగలబడ్డాయి. జనం శిబిరాల పాలయ్యారు. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పెట్టి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలై 5న చెప్పేదాకా ఆరేళ్ళు గడిచాయి. అవతల మావోయిస్టుల ప్రజాకోర్టులు నడిచాయి. భూస్వామిని నిలదీసిన ప్రజాకోర్టు జనానికి ధైర్యం ఇచ్చిన రోజులున్నాయి. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి ఒక బీద ఆదివాసీని నిలబెట్టిన రోజులూ ఉన్నాయి. అక్కడ కూడా అడిగింది చింతచెట్టు కింది ప్రశ్నే: కాదని రుజువు ఏంది? ఇటు శిబిరానికి రానివాణ్ణి మావోయిస్టువి కాదని రుజువు ఏందని అడిగారు. రెండువైపులా తుపాకులున్న చోట ఊరి పెద్ద సొంతంగా తీర్పు చెప్పాడనుకోవడం పరిశోధకుడి అమాయకత్వం.

ఆ మంటల్లోంచి పారిపోయి గోదావరి దాటి వచ్చిన మురియా కుటుంబాలను మన దగ్గర గుత్తికోయలు అంటున్నారు. ఉమ్మడి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లో గుడిసెలు వేసుకుని పోడు కొట్టుకుంటున్నారు. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో, ప్లాంటేషన్ దగ్గర జరిగిన గొడవలో ఒక అటవీ రేంజి అధికారిని చంపేశారు. ఘోరమైన హత్య అది. దాన్ని సమర్థించేదేమీ లేదు. చట్టం తన దారిన తను పోయింది. 2023లో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసింది. కానీ హత్య జరిగిన కొద్ది రోజులకే బెండాలపాడు గ్రామపంచాయతీ ఇంకో తీర్పు చెప్పింది. గుత్తికోయలందరూ ఊరు విడిచి ఛత్తీస్‌గఢ్‌కు పోవాలని తీర్మానం చేసింది. కోర్టు ఇద్దరి తప్పును రుజువులతో తేల్చింది. ఊరు ఆడవాళ్ళూ పిల్లలతో సహా అందరినీ రుజువు లేకుండానే తేల్చేసింది. ఈ రెండింటిలో ఏది వలసవాద న్యాయం, ఏది మన న్యాయం? న్యాయ బహుళత్వ పండితులు చెప్పాలి.

ఇంకొక సంగతి. 2025 జనవరి 7న బస్తర్‌లోని ఛింద్‌వాడాలో ఒక పాస్టరు చనిపోయాడు. ఆయన మహరా కులస్తుడు, అంటే దళితుడు. తమ పెద్దలను పూడ్చిపెట్టిన ఊరి స్మశానంలోనే ఆయనను పూడ్చుకుంటామని కొడుకు అడిగాడు. ఊరు వీల్లేదన్నది. శవం దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉంది. కేసు సుప్రీంకోర్టుకు పోతే ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా చెప్పారు. కుటుంబానికి ఉన్న సొంత భూమిలో పూడ్చుకోవచ్చని ఒకరు, క్రైస్తవులకు కేటాయించిన చోటనే పూడ్చాలని ఇంకొకరు. చివరికి వేరే ఊరు కర్కపాల్‌కు తీసుకుపొమ్మన్నారు. ఇక్కడ రెండు ఆచారాలున్నాయి, గమనించాలి. మా తాతను ఇక్కడే పెట్టినం అన్న కుటుంబం ఆచారం ఒకటి. మీకు చోటు లేదన్న ఊరి మాట ఇంకొకటి. ఏది కట్టుబాటు అయిందో, ఏది ఒట్టి మాటగా మిగిలిపోయిందో చూస్తే, బలమే కట్టుబాటుగా పేరు మార్చుకుంటుందని తెలుస్తుంది.

మా వాదంలోనే ఒక చిక్కు

అట్లాగైతే రాజ్యం కోర్టే మేలా అని అడుగుతారు. మాకు ఆ భ్రమ లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. అంతకుముందు వాళ్ళను సాంఘిక బహిష్కారం చేశారు. అది కూడా ఊరి కట్టుబాటే, ఊరు వేసిన శిక్షే. పోరాడితే ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు వచ్చింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. అనుమానానికి మించి నేరం రుజువు కాలేదన్నది.

ఇక్కడ మా వాదమే మాకు అడ్డం తిరుగుతున్నట్టు కనపడుతుంది. నేరం మోపినవాడే రుజువు చెయ్యాలన్న సూత్రం మా నాయనకు ఉండి ఉంటే మా బర్రె మిగిలేది. అదే సూత్రం చుండూరులో హంతకులకు ఉపయోగపడింది. మరి ఏది కావాలి మనకు? మేము చాలా ఆలోచించాం. మాకు తోచిన జవాబు ఇది. శిక్ష వెయ్యాల్సి వస్తే, రుజువు చెయ్యాల్సింది నేరం మోపినవాడే. ఆ సూత్రాన్ని మేము వదులుకోం. దాన్ని పోగొట్టుకుంటే ముందు జైలుకు పోయేది మావోళ్ళే. చుండూరులో మోపింది రాజ్యం, రుజువు చెయ్యాల్సిన పోలీసులూ ప్రాసిక్యూషనూ రాజ్యానివే. ఆ వైఫల్యం రాజ్యానిది, దాన్ని బాధితుల సాక్ష్యం మీద రుద్దకూడదు. కానీ నీళ్ళ నుంచీ, భూమి నుంచీ, వాటా నుంచీ, స్మశానం నుంచీ, ఊరి నుంచీ ఎవరినైనా తప్పించాల్సి వస్తే, రుజువు చెయ్యాల్సింది తప్పించేవాడే. పైకి రెండుగా కనపడ్డా ఇవి ఒకటే: బలమున్నవాడే బరువు మొయ్యాలి. 2015లో అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు సాంఘిక, ఆర్థిక బహిష్కారాన్ని నేరంగా చేర్చారు. బాధితుణ్ణి గానీ వాళ్ళ కుటుంబాన్ని గానీ ఎరిగున్న నిందితుడికి కులం కూడా తెలుసనే కోర్టు అనుకోవాలని రాశారు. కులం తెలుసని నువ్వే రుజువు చెయ్ అని అడిగే రోజులు అంతమేరకు పోయాయి. ఇది పోరాటంతో వచ్చింది, దయతో కాదు.

రాజ్యాంగం 13వ అధికరణం, చట్టం అన్న మాటలో చట్టబలమున్న ఆచారాన్ని కూడా చేర్చింది. అంటే కట్టుబాటుకు హోదా ఇచ్చింది, ఆ హోదాతోనే దాన్ని ప్రాథమిక హక్కుల ముందు నిలబెట్టింది. అది చింతచెట్టును నరకలేదు, గద్దె మీద కూచున్నవాణ్ణి కూడా లేపి జవాబు చెప్పమన్నది. మేము కోరేది ఇదే.

అందువల్ల ఈ రంగంలోకి వస్తున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మేము చెప్పేది కొంచెమే. ఊరికి పోయి కట్టుబాటు ఏమిటని పెద్దను అడగండి, తప్పులేదు. తర్వాత ఆ పంచాయితీలో ఓడినవాళ్ళ ఇంటికి కూడా పొండి. ఎవరు కూచున్నారు, ఎవరు నిలబడ్డారు, ఆడవాళ్ళు ఎక్కడున్నారు అని అడగండి. దండుగ సొమ్ము ఎవరి ఇంటికి చేరిందో అడగండి. ఈ తీర్పు నచ్చకపోతే ఇంకెక్కడికైనా పోగలిగారా, పోతే ఊళ్ళో బతకనిచ్చారా అని అడగండి. ఈ నాలుగూ రాసుకోకుండా తెచ్చింది పెద్ద ఇచ్చిన వాంగ్మూలం అవుతుంది, కట్టుబాటు కాదు.

ఒక సెమినారులో మేము మా నాయన సంగతి చెప్పినప్పుడు, ఒక పెద్ద ప్రొఫెసరు గారు దయగానే అన్నారు: "అనుభవం సరే, దీనికి ఆధారం ఏమైనా ఉందా?" మేము ఆయన వైపు చూస్తూ నిలబడిపోయాం. దండుగకు రసీదు ఇవ్వలేదు. బర్రె అమ్మిన సంతలో కాగితం రాయలేదు. నాయన లేడు. అవ్వ ఉంది, ఆ పంచాయితీ జరిగిన వారం, రోజు, ఎవరెవరు కూచున్నారో వరసగా చెప్తుంది. దాన్ని సాక్ష్యంగా రాసుకోవడం ఎట్లాగో మన విద్యాలయాలు ఇంకా నేర్చుకోవాలి. ఆమె చెప్పింది అబద్ధమని ఎవరికైనా అనిపిస్తే, రుజువులు తెచ్చుకోవాల్సింది వాళ్ళే.